చిన్న మాత్ర

తాపీ బాబాయి వరసలోనే కూలబడ్డాడు.

ఆస్పత్రి వెనక గుమ్మం దగ్గర, మాత్రల గది కిటికీ ముందు నలభై మంది నిలబడి ఉన్నారు. హెచ్చైవీ మందులు తీసుకునేవాళ్ళ వరస అది. నెలనెలా కలిసేవాళ్ళే అయినా ఒకరి పేరొకరు అడగరు. పేరు బయటికి పొక్కితే పనీ పోతుంది, అద్దె ఇల్లూ పోతుంది. అందుకని చేసే పనే పిలుపైంది. లారీ తోలేవాడు లారీ అన్న. బట్టలు కుట్టే ఆవిడ కుట్టు వదిన. ఆ ఆస్పత్రి దుప్పట్లే ఇస్త్రీ చేసే మనిషి ఇస్త్రీ అక్క.

లారీ అన్న బాబాయిని గోడకి ఆనించి కూర్చోబెట్టాడు. వాచిన కాలి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడింది, పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"సారూ, ఈయనకి నాలుగు రోజులుగా మూత్రం రావట్లేదంట. డాక్టర్ని పిలవండి!"

కిటికీలో గుమస్తా తలెత్తలేదు. "వరసలో రమ్మను."

"వరసలోనే ఉన్నాడు. కింద పడి ఉన్నాడు."

"అయితే తన వంతు వచ్చాక లేవమను."

"కిడ్నీ పరీక్ష చేసి ఏడాదిన్నర అయింది సారూ. ఆర్నెల్లకోసారి చెయ్యాలని మీ గోడ మీదే రాసుంది."

"మిషను పాడైందని ఎన్నిసార్లు చెప్పాలి? మాత్రలు తీసుకో, పక్కకి జరుగు."

నిజం చెప్పాలంటే, ఆ నిమిషాన ఇస్త్రీ అక్క బాబాయి వంక చూడట్లేదు. ఆమె చూపంతా కుట్టు వదిన చేతిలోని సీసా మీద ఉంది. అందరికీ ఇచ్చేది చిక్కుడు గింజంత మాత్ర. మంచి మాత్రే, ప్రాణం నిలబెట్టిన మాత్రే. కానీ కొందరికి అది లోలోపల కిడ్నీలని తినేస్తుంది. అందుకే పరీక్షలు. వదిన సీసాలోవి చిన్న మాత్రలు. కిడ్నీల జోలికి అంతగా పోని కొత్త రకం. నలభై మందిలో ఒక్క వదినకే.

ఇస్త్రీ అక్క కడుపులో కాలిన ఇస్త్రీపెట్టె పెట్టినట్టయింది. అది మాత్రం ఏం పెట్టి పుట్టింది? కూర్చుని చేసే పని, నీడ పట్టున పని. తనది ఆవిరిలో పని. పూటకి ఒక్కసారే బయటికి పోనిస్తాడు మేస్త్రీ, అందుకని నీళ్ళు తాగడమే మానేసింది. నడుం నొప్పికి అంగడిలో కొన్న నొప్పి బిళ్ళలు మింగుతుంది. ఈమధ్య మూత్రంలో నురుగు కనిపిస్తోంది. తనకి కదా ఆ చిన్న మాత్ర రావాల్సింది!

"ఎవర్ని పట్టుకున్నావేంటి వదినా?" అంది నవ్వుతూనే.

"ఎవర్నీ పట్టుకోలేదక్కా. వాళ్ళే నన్ను వదిలించుకోలేకపోయారు" అంది వదిన.

ఆ మాటలో అక్కకి పొగరే వినిపించింది. పెద్ద డాక్టరు ఇంట్లోవాళ్ళకి వదిన బట్టలు కుడుతుందని వరసలో ఒక మాట పుట్టింది. పుట్టించింది అక్కే. నోరు నోరూ దాటి, తన వంతు వచ్చేలోపే ఆ మాట తిరిగి తన చెవికే చేరితే, నిజమే కాబోలనుకుంది. ముఖానికి కట్టుకున్న గుడ్డతోనే నేరుగా పెద్ద డాక్టరు గదికి పోయి నిలబడింది.

"ఆవిడకొక్కదానికే ఎందుకయ్యా కొత్త మాత్ర? మేం మనుషులం కామా?"

డాక్టరు ఆమెని ఓపిగ్గా చూశాడు. ఆయన ఎదురుచూస్తున్న మాటే అది. "నిజమేనమ్మా. ఒకరికిచ్చి ఒకరికివ్వకపోతే అన్యాయమే. సరిచేస్తాను."

సరిచేశాడు. మరుసటి నెలలో వదిన చేతిలోనూ చిక్కుడు గింజంత మాత్రే పడింది.

ఆ రోజు అక్కకి అన్నం రుచిగా ఉంది. తనకి రాలేదన్న బాధ ఎటు పోయిందో పోయింది, దానికీ లేకుండా పోయిందన్న చల్లదనం ముద్దముద్దకీ తగిలింది. చేతులు కడుక్కుంటుంటే మాత్రం తనంటే తనకే వెగటేసింది.

ఆ పై నెల కూడా వరసలో తాపీ బాబాయి కనిపించలేదు. కూలబడిన తొమ్మిదో రోజునే పోయాడని లారీ అన్న చెప్పాడు. మాత్రలు ఒక్క పూట మానలేదట. జబ్బు అదుపులోనే ఉందట. కిడ్నీలు పోయి పోయాడు.

కుట్టు వదిన సంచిలోంచి నలిగిన కాగితం తీసింది.

"బయట చేయించుకున్న పరీక్ష ఇది. నా కిడ్నీలు మూడో వంతే పనిచేస్తున్నాయి. ఇది పట్టుకుని ఐదు నెలలు ఆ గుమ్మం ముందు కూర్చుంటే అప్పుడిచ్చారు చిన్న మాత్ర. నాకేదో భోగం దక్కిందనుకున్నారు మీరు. ఆ మాత్ర తీయించింది ఎవరో కూడా నాకు తెలుసు. దానితో పోట్లాడే ఓపిక నాకు లేదు."

ఇస్త్రీ అక్క తల పాతాళానికి దిగింది. ఇన్నాళ్ళూ తను అసూయపడింది ఒక రోగాన్ని చూసా!

లారీ అన్న సీసా పైకెత్తాడు. "చంపే మాత్రలు మనకెందుకు? వాళ్ళ కిటికీలోనే పారేద్దాం, రండి!"

"నోర్ముయ్!" వదిన గొంతు చీరుకుంది. "ఇది మానితే జబ్బు తిరగబడుతుంది, ఏడాది తిరక్కుండా మనమే పోతాం. ఒక్క పూట కూడా మానకూడదు. మనం అడగాల్సింది పరీక్ష. ఎవరి కిడ్నీ ఎలా ఉందో చూసి, చెడినవాళ్ళకి మాత్ర మార్చమని."

"మిషను పాడైందంటారుగా!"

"పాడవ్వలేదు" అంది ఇస్త్రీ అక్క.

అందరూ తిరిగి చూశారు.

"మూడో అంతస్తులో ఉంది. డబ్బు కట్టేవాళ్ళ విభాగంలో. ఏడాదిన్నర క్రితం ఇక్కణ్ణించి పైకి మోయించారు. దాని మీద కప్పే గుడ్డ వారం వారం నేనే ఇస్త్రీ చేసి ఇస్తా. పొద్దుట కూడా తిరుగుతూనే ఉంది."

"తెలిసి చెప్పలేదా?" లారీ అన్న మీదికొచ్చాడు.

"చెబితే అక్కడ దుప్పట్లు మోసేదీ, ఇక్కడ ముఖానికి గుడ్డ కట్టుకుని నిలబడేదీ ఒకటే మనిషని ఆస్పత్రివాళ్ళకి తెలిసిపోతుంది కదా!" అంది అక్క. "అదొక్కటే కాదన్నా. రోజూ ఆ అంతస్తు ఎక్కి దిగాను. పక్కనున్నదాన్ని చూసి ఏడ్చాను గానీ, పైనున్నవాళ్ళని చూసి ఏడవాలని నాకు తోచనేలేదు."

కాసేపు వాదన సాగింది. అర్జీ పెడదామని ఒకరు. ఏడాదిన్నరగా పెట్టిన అర్జీలు ఏమయ్యాయని ఒకరు. ముందు గుమ్మానికి పోతే ఊరంతా చూస్తుందని ఒక ముసలాయన. "బాబాయిని ఎవరూ చూడలేదు. ఏం బాగుపడ్డాడు?" అంది వదిన. ఆ మాటతో వాదన తెగింది.

వరసలోవాళ్ళంతా చుట్టూ తిరిగి ఆస్పత్రి ముందు గుమ్మానికి వచ్చారు. పట్టపగలు, బండ్లూ జనమూ తిరిగే చోటు. మెట్ల మీద కూర్చుని చొక్కా చేతులు పైకి మడిచి, చేతులు ముందుకు చాపారు.

"మా రక్తం తియ్యండి! మా కిడ్నీలు చూడండి!"

అరుపులు విని బట్టలు ఉతికే షెడ్డులోంచి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఇస్త్రీ అక్క ముఖం మీది గుడ్డ లాగేసింది. దుప్పట్లకి గంజి పెట్టే ఆవిడ ఆమెని చూసి నిలువునా ఆగిపోయింది. నెలకో పూట సెలవు దీనికే ఎందుకిస్తారని మేస్త్రీతో రోజూ తగువాడే మనిషి ఆమె.

"నీ సెలవు ఇందుకా?" అంది.

"ఇందుకే."

గంజి ఆవిడ వెనక్కి తిరిగి కేకేసింది. "ఒసేయ్, పైకి పోయే బండి ఆపండి! మూడో అంతస్తుకి ఇవాళ ఒక్క దుప్పటి పోకూడదు!"

పెద్ద డాక్టరు దిగొచ్చాడు. జనాన్ని లెక్కగట్టి చూసి, మెత్తగా మాట్లాడాడు. "పది మందికి ఇవాళే చేయిస్తాను. మిగతావాళ్ళకి తర్వాత చూద్దాం. ఏమ్మా, నువ్వు మన ఆస్పత్రి మనిషివే కదా, నువ్వు ముందు రా."

వరస కదిలింది. ఒకరి భుజాన్ని ఒకరు చూసుకున్నారు. ఆ పదిలో నేనుంటానా, వీడుంటాడా? ఇస్త్రీ అక్క కాళ్ళు వాటంతటవే సగం లేచాయి. నురుగు గుర్తొచ్చింది, నడుం గుర్తొచ్చింది. తను పోకపోతే ఆ చోటు ఇంకెవరో ఎగరేసుకుపోతారన్న మంట పాతదే, మళ్ళీ రాజుకుంది. పళ్ళు బిగించి మళ్ళీ మెట్టు మీద కూలబడింది.

"అందరికీ, ఇవాళే. లేదంటే నాకూ వద్దు."

"మాకూ వద్దు!" మెట్లన్నీ ఒక్కసారే పలికాయి.

పోలీసు వ్యాను వచ్చింది. నాయకురాలెవరని అడిగితే గుమస్తా కుట్టు వదినని చూపించాడు. ఇద్దరు ఆమె రెక్కలు పట్టి లాక్కెళ్ళి ఎక్కించారు. ఇస్త్రీ అక్క వెనకే పరిగెత్తి, పిలిచినవాడూ ఆపినవాడూ లేకుండా, వ్యాను ఎక్కి కూర్చుంది.

"నిన్నెవరు ఎక్కమన్నారు?" అన్నాడు కానిస్టేబులు.

"కాస్త జరుగు. వెనక ఇంకా వస్తున్నారు."

లారీ అన్న ఎక్కాడు, గంజి ఆవిడ ఎక్కింది, ముసలాయన్ని చెయ్యిచ్చి లాగారు. పన్నెండు మందికి తలుపు మూతపడలేదు. మిగిలినవాళ్ళు మెట్ల మీంచి కదలలేదు.

స్టేషన్లో బల్ల మీద వదిన పక్కనే చోటు దొరికింది అక్కకి.

"మాత్ర పోగొట్టింది నేనే వదినా."

"తెలుసన్నానుగా."

"క్షమించు."

"ఇప్పుడు కాదు" అంది వదిన. "ముందు నా మాత్ర నాకు తిరిగి రానీ. రేపు ఆ మెట్ల మీద నా పక్కన కూర్చో. అప్పుడు ఆలోచిస్తా."

అక్క వదిన కాళ్ళ వాపు చూసి, తన సంచి కింద పెట్టి, వాటిని దాని మీదికెత్తింది.

ఫోను మోగింది. ఎస్సై ఎత్తి విన్నాడు. ఈ ఊరి ఆస్పత్రి మెట్ల మీద జనం రెట్టింపయ్యారట. పక్క ఊరి ఆస్పత్రిలో కూడా మాత్రల వరస వెనక గుమ్మం వదిలి ముందుకొచ్చి కూర్చుందట.

"అక్కడ కూడానా?" అని అరిచాడాయన. "వాళ్ళకెవరు చెప్పారు?"

గంజి ఆవిడ లేచి నిలబడింది. "మా దుప్పట్ల బండి రోజూ ఆ ఊరి ఆస్పత్రికీ పోతుందండీ" అంది.