వంతెన మీద వరస

పెద్దాయన దేశానికి పెద్దమంత్రి. ఆ పొద్దున మాత్రం వంతెన దగ్గర వరసలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. ఏటికి అవతల అక్క కొన ఊపిరితో ఉంది. తల్లి పోయాక ఆయన్ని చంకనెత్తుకుని పెంచింది ఆ అక్కే.

ఇంతకీ ఈ వంతెనకి గేట్లు పెట్టించిందెవరనుకున్నారు? ఆయనే! తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే మరి.

మొదట్లో ఆయన మాటే వేరు. "దేశమంటే గీత కాదయ్యా. కష్టమొస్తే పిలవకుండా పరుగెత్తుకొచ్చేవాళ్ళు ఎందాకా ఉంటే అందాకా దేశమే" అనేవాడు. స్వతంత్రం అడగడానికి పడమటి దేశాల సభకి వెళ్ళి అక్కడా అదే చెప్పాడు. సూట్లేసుకున్న పెద్దమనుషులు ముసిముసిగా నవ్వి, "బాగుందండీ, మరి మీ దేశం ఎక్కడ ఆగుతుంది? పటంలో చూపించండి" అన్నారు. గీత లేనిదే గుర్తింపు లేదట. పాపం, ఏం చేస్తాడు? ఏటి వెంబడి గీయనిచ్చాడు. అక్క ఇల్లు పక్క దేశంలో పడింది.

"కర్రతో కొడితే నీళ్ళు విడిపోతాయా అక్కా? కాగితం మీద గీత కాగితం మీదే ఉంటుంది" అన్నాడు.

"ఉండదురా చిన్నోడా. గీసినవాడు ఊరుకున్నా కాపలావాడు ఊరుకోడు" అంది అక్క.

అక్క అన్నంత పనీ అయింది. గేట్లొచ్చాయి, అనుమతులొచ్చాయి. మనం మాత్రం ఎవరికి తీసిపోయామని, రెండు గేట్లకీ నిబంధనలన్నీ దగ్గరుండి రాయించాడు.

ఇవతలి గేటు అధికారి ఆయన్ని చూసి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, మీరు వరసలోనా? రండి సార్, రండి!"

ముందున్నావిడ వెనక్కి తిరిగింది. చేతిలో మందుల సంచి. "మా అమ్మకండీ" అంది. పెద్దాయన కాలు కదల్లేదు. "నా వంతు రానీ బాబూ" అన్నాడు. పిచ్చి మనిషి! వెళ్ళి చూసుకోకూడదూ?

ఎండెక్కాక వంతు వచ్చింది. ముద్ర వేయించుకుని వంతెన దాటి అవతలి గేటు చేరేసరికి మేనల్లుడు ఎదురొచ్చాడు. "మామయ్యా! అమ్మ పోయింది మామయ్యా! తమ్ముడొచ్చాడా, తమ్ముడొచ్చాడా అంటూనే పోయింది!"

పెద్దాయన కమ్మీ పట్టుకుని కూలబడ్డాడు. ఆ గేటు ముందు వరసలోంచి ఏడుపు లేచింది. ఆ అక్క మొహం కూడా ఎరగనివాళ్ళు ఆమె కోసం ఏడ్చారు. మందుల సంచి ఆవిడ వచ్చి భుజం పట్టుకుని లేపింది.

అవతలి కాపలావాడు కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది జబ్బు మనిషిని చూడ్డానికిచ్చింది తాతగారూ. మనిషి పోయారంటున్నారుగా, దానికి వేరే అనుమతి తీసుకోవాలి."

"కడసారి చూపండీ, వదలండీ!" మేనల్లుడు చేతులు జోడించాడు.

"నాకు మాత్రం జాలి లేదా బాబూ? మీ మామయ్యగారి దేశంలో ఎవరో పెద్దమంత్రి ఉన్నాట్ట. పట్టుబట్టి ఆయన పెట్టించిన నిబంధనే ఇది."

పెద్దాయన కాగితం మడిచి పట్టుకుని, కొత్త అనుమతి కోసం ఇవతలి గేటు వరస చివరికి తిరిగి నడిచాడు.