రెండు గీతలు

స్పీకర్లు చూసి కాదు, విని కొనాలని షరతు పెట్టింది భార్యే.

ఇంట్లో ఉన్న జత పెళ్ళికి ముందు ఆపరేటర్ కొన్నది. పదహారేళ్ళు మోగింది. ఎడమదాని లోపలి కాగితం చిరిగి, పాడేవాళ్ళు గొంతు ఎత్తినప్పుడల్లా బరబరమంటోంది. అతుకు వేశాడు. ఆ అతుకూ చిరిగింది. కొత్తవి కొందామని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏవి కొనాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

ఆపరేటర్ సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడుపుతాడు. సౌండ్ కూడా అతనే చూస్తాడు. హాల్లో ఏడువందల మంది వినే శబ్దం అతను వినడు. అతని గదికీ హాలుకీ మధ్య అద్దం ఉంది. అతనికి వినపడేది గోడకు బిగించిన అరచేతంత స్పీకరు. పందొమ్మిదేళ్ళుగా అదే. అందుకని ఇంట్లోనైనా నడుమెత్తు స్పీకర్లు నిలబెట్టుకుని వినాలని అతని కోరిక. భార్యకు అల్మరా అరలో పట్టే జత చాలు.

"ముందుగది పొడుగు పదకొండు అడుగులు. అందులో రెండు బీరువాలు తెచ్చి నిలబెడతారా?" అంది.

"బీరువాలు కాదు, స్పీకర్లు."

"బట్టలు పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోకూడదు."

"అయితే బీరువాల కంటే అన్యాయం."

ఆమె బట్టల ఫ్యాక్టరీలో మెకానిక్కు. నూట నలభై కుట్టుమిషన్లు. ఏదైనా మొరాయిస్తే మూత విప్పేముందు స్క్రూడ్రైవర్ మొనను మిషన్ ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటుంది. విని, ఎక్కడ వదులయిందో చెప్తుంది. విప్పి చూస్తే అక్కడే ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ డాక్టరమ్మే.

అందుకే ఆ షరతు. "షాపుకెళ్దాం. నేను కళ్ళు మూసుకుంటాను. ఏది ఏదో నాకు చెప్పొద్దు. నా చెవికి నచ్చింది కొందాం. పెద్దవే నచ్చితే బీరువాలే తెచ్చుకుందాం."

ఆమె సెలవు రోజు పొద్దున వెళ్ళారు. షాపు వెనకాల వినే గది ఉంది. నేల మీద తివాచీ, గోడలకు పరదాలు, మధ్యలో ఒక కుర్చీ. తలుపుకు అద్దం. ఆపరేటర్ పని తెలిసిన షాపాయన రెండు జతలూ ఒకే ఆంప్లిఫయర్‌కు తగిలించాడు. ఒక మీట ఇటు నొక్కితే చిన్నవి, అటు నొక్కితే పెద్దవి.

"నేను చెప్పాలా అన్నా, రోజూ మీరు చేసే పనే కదా. మీరే వినిపించండి," అని బయట ఎవరో పిలిస్తే వెళ్ళాడు.

వినిపించడంలో ఒక పద్ధతి ఉంది. అది ఆపరేటర్‌కు బాగా తెలుసు. పెద్ద స్పీకర్లు తక్కువ కరెంటుకే ఎక్కువ మోగుతాయి. వాల్యూమ్ నాబ్ చుట్టూ గీతలుంటాయి. చిన్నవాటికి పన్నెండో గీత మీద పెడితే, పెద్దవాటికి మార్చినప్పుడు పదో గీతకు తగ్గించాలి. అప్పుడే రెండూ సమానం. తగ్గించకపోతే పెద్దవి కాస్త గట్టిగా మోగుతాయి. కాస్త గట్టిగా మోగినదాన్ని చెవి గట్టిదనుకోదు, మంచిదనుకుంటుంది. హాల్లో కొత్త సినిమా మొదటి ఆటకు యజమాని చెప్పి మరీ చేయించే పని అదే.

భార్య కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. అతను ఆమె వెనక నిలబడ్డాడు.

"ఒకటి," అని చిన్నవి వినిపించాడు. నాబ్ రెండు గీతలు వెనక్కి తిప్పి, "రెండు," అని పెద్దవి వినిపించాడు.

ఆమె ఒక వేలు ఎత్తింది.

"తొందరపడకు. ఇంకోసారి విను."

"ఊఁ."

చిన్నవి వినిపించాడు. మీట నొక్కాడు. నాబ్ మీద చెయ్యి ఉంది. తిప్పలేదు.

ఆమె తల కాస్త పక్కకు వంచింది. మిషన్ దగ్గర వంచినట్టే వంచింది. చాలాసేపటికి రెండు వేళ్ళు ఎత్తింది.

"మూడోసారి కూడా పెట్టండి. తేల్చేద్దాం."

మూడోసారీ అతను తిప్పలేదు. ఆమె రెండు వేళ్ళు ఎత్తి కళ్ళు తెరిచింది. "రెండోదే. మొదటిసారి నేనే తప్పు విన్నాను. ఏవి అవి?"

"పెద్దవి."

"మీ పంట పండింది," అని నవ్వింది. మాట ఇచ్చిందిగనక ఇంకొక్క మాట అనలేదు. నెల లోపు నచ్చకపోతే మార్చుకోవచ్చని షాపాయన రసీదు వెనక రాసిచ్చాడు.

పెట్టెలు మూడో అంతస్తుకు మోసింది బావమరిది. "బావా, వీటిలో మనుషుల్ని పెట్టి పంపారా?" అంటూ మెట్టుమెట్టుకీ ఆగాడు. "అక్కా, నువ్వెలా ఒప్పుకున్నావే?"

"నేనే ఎంచుకున్నానురా. కళ్ళు మూసుకుని."

"కళ్ళు తెరుచుకుని బావను ఎంచుకున్నావు. కళ్ళు మూసుకుని వీటిని. మొత్తానికి నీకు బరువులే రాసిపెట్టి ఉన్నాయి."

ముగ్గురూ నవ్వారు. ఆపరేటర్ కూడా నవ్వాడు. నేను పెంచలేదు కదా, తగ్గించలేదంతే అని ఆ మెట్ల మీదే తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట తర్వాత చాలాసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

ముందుగదిలో అవి గోడలను పట్టుకుని ఊగించాయి. డోలు దెబ్బ పడితే అల్మరాలో గ్లాసులు మోగాయి. పాడేవాళ్ళ గొంతు డబ్బాలో కూర్చుని పాడుతున్నట్టు వచ్చింది. వారం రోజులు భార్య వాటిని గోడకు జరిపింది, ఇవతలికి లాగింది, వెనక దుప్పటి వేలాడదీసింది. ఎనిమిదో రోజు టీ తాగుతూ అంది:

"షాపులో ఇలా లేవండీ."

"గదిని బట్టి మారుతుంది," అన్నాడు ఆపరేటర్. అది నిజమే. నిజం గనక చెప్పడం తేలికయింది.

"గదిని బట్టి మారినా గొంతు గొంతులా ఉండాలి కదా. ఆ రోజు ఇదే గొంతు నాకెలా నచ్చింది?" అని కప్పు కింద పెట్టింది. "మొదటిసారి సరిగ్గానే విన్నాను. రెండోసారి ఏమైందో."

అప్పుడు చెప్పి ఉంటే ఒక పూట దెబ్బలాటతో పోయేది. అతను హాలుకు టైమవుతోందని లేచాడు.

ఆమె స్పీకర్లను తప్పు పట్టి ఉంటే అతనికి కాస్త నయంగా ఉండేది. ఆమె తన చెవిని తప్పు పట్టింది. పదిహేనో రోజున ఫ్యాక్టరీలో మూడో వరస మిషన్ ఒకటి కుట్టు వదిలేస్తోంది. స్క్రూడ్రైవర్ ఆనించి విన్నది. కింద దారం అందుకునే కొక్కెం వదులైందనిపించింది. అనిపించినా పైకి అనలేదు. పక్కనున్న జూనియర్‌ను పిలిచి నువ్వు విను అంది. అతను సూది కడ్డీ అన్నాడు. సరే అని అటే విప్పించింది. కడ్డీ బాగానే ఉంది. వదులైంది కొక్కెమే. వరస నలభై నిమిషాలు ఆగిపోయింది. మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

"ఏమన్నాడు?" అన్నాడు ఆపరేటర్, రాత్రి ఇంట్లో ఆమె చెప్తుంటే.

"ఏమంటాడు? డాక్టరమ్మా, నువ్వు ఇంకొకర్ని అడగడమేంటి అన్నాడు."

"నీకు సరిగ్గానే వినపడిందిగా మరి!"

"వినపడింది. నమ్మలేదు."

చెవి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళింది. ఆయన గాజు గదిలో కూర్చోబెట్టి కూతలు వినిపించి, కాగితం మీద గీతలు గీసి, మీ వయసుకు ఇంతకంటే మంచి చెవులుండవు అని పంపించాడు. ఆమె ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "కూత వినపడడం వేరు. ఇదీ అదీ పక్కపక్కన పెడితే తేడా తెలియడం వేరు. ఆయన మొదటిదే చూశాడు," అంది.

ఇరవై ఏడో రోజు పొద్దున ఆమె రూళ్ళ కాగితం తీసుకుని ఏదో రాస్తూ కూర్చుంది. ఆపరేటర్ చొక్కా తొడుక్కుంటూ భుజం మీదుగా చూశాడు. పెద్ద మెకానిక్కు వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఆ పని ఆమెకిస్తామన్నారు. పన్నెండేళ్ళుగా ఆమె ఎదురుచూసిన పని అది. నాకు వద్దు అని రాస్తోంది.

"ఇదేంటి?"

"నలుగురు మెకానిక్కులు విన్నాక చివరి మాట చెప్పాల్సిన కుర్చీ అండీ అది. చెవి మీద నమ్మకం లేనిదాన్ని, అక్కడ కూర్చుని ఏం చెప్పను? ఎల్లుండి ఇచ్చేస్తాను. రేపు సెలవుగా."

ఆపరేటర్ చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకుని హాలుకు వెళ్ళాడు. మూడు ఆటలూ ఆ గుండీతోనే నడిపాడు.

దొంగదారి ఒకటి తట్టింది. రేపు మళ్ళీ షాపుకు తీసుకెళ్ళాలి. ఈసారి న్యాయంగా వినిపించాలి. ఆమె చిన్నవాటినే ఎంచుకుంటుంది. చూశావా, నీ చెవి నిక్షేపంలా ఉంది అనాలి. చీటీ చించేస్తుంది. తను నోరు విప్పాల్సిన పనే ఉండదు.

"మార్చుకోవడానికి ఇంకా మూడు రోజులుంది. రేపు ఇంకోసారి విందాం రా," అన్నాడు రాత్రి ఇంటికొచ్చి.

వెళ్ళారు. అదే గది, అదే కుర్చీ. షాపాయన అవే రెండు జతలు తగిలించి బయటికి వెళ్ళాడు. ఆమె కళ్ళు మూసుకుంది. ఆపరేటర్ మీట నొక్కిన ప్రతిసారీ నాబ్ రెండు గీతలు తిప్పాడు, ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా. మూడుసార్లూ ఆమె ఒక వేలే ఎత్తింది.

"ఒకటి చిన్నవి!" అన్నాడు, సంతోషం ఆపుకోలేక. "మూడుసార్లూ చిన్నవే. చెప్పానా, నీ చెవికేమీ కాలేదని!"

ఆమె కళ్ళు తెరిచింది. మొహంలో సంతోషం లేదు.

"ఆ రోజు ఒకటన్నాను, తర్వాత రెండన్నాను. ఈ రోజు మళ్ళీ ఒకటంటున్నాను. అవే పెట్టెలు, అదే పాట, అదే కుర్చీ. మారింది నేనే కదా," అంది. "ఇంకా అనుమానంగా ఉండేది. ఇప్పుడు తేలిపోయింది. మంచి పని చేశారు తీసుకొచ్చి." బ్యాగు తీసుకుని లేచింది.

"కూర్చో," అన్నాడు ఆపరేటర్.

"మీకు ఆటకు టైమవుతుంది."

"నేను తిప్పలేదు."

"ఏం తిప్పలేదు?"

"ఇలా రా. కళ్ళు మూసుకోకు. నా చెయ్యి చూడు." చిన్నవి పెట్టాడు. పెద్దవాటికి మార్చి, నాబ్ తిప్పాడు. "ఇది సమానం. మొదటిసారి నువ్వు విన్నది ఇదే. ఒక వేలు ఎత్తావు." మళ్ళీ చిన్నవి పెట్టి, పెద్దవాటికి మార్చి, చెయ్యి తీసేశాడు. "రెండోసారి విన్నది ఇది. మూడోసారీ ఇదే."

ఆమె అతని చెయ్యి పక్కకు నెట్టి నాబ్ తను పట్టుకుంది. చిన్నవి, పెద్దవి, పదో గీత, పన్నెండో గీత. నాలుగుసార్లు మార్చి మార్చి విన్నది. పాట ఆపింది.

"రెండుసార్లూ తెలిసే చేశారా?"

"తెలిసే."

"నేను డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు?"

"తెలుసు."

"చీటీ రాస్తుంటే వెనక నిలబడి చదివారు."

అతను తల ఊపాడు.

"పెద్దవి కావాలని నోటితో అడగాల్సింది. రెండు రోజులు సణిగి ఒప్పుకునేదాన్ని," అంది ఆమె. గొంతు పెంచలేదు. "స్పీకర్ల గురించి కాదు నా బాధ. మూడు వారాలుగా మిషన్ నాకు చెప్తూనే ఉంది. నేను దానితో నువ్వు చెప్పేది అబద్ధం అంటూనే ఉన్నాను."

ఆమె తలుపు తీసి షాపాయన్ని పిలిచింది.

"అన్నయ్యా, నాబ్ మీరు పట్టుకోండి. పెద్దవాటికి మార్చినప్పుడు రెండు గీతలు తగ్గించండి. వరస మీ ఇష్టం, నాకు చెప్పొద్దు." భర్త వైపు తిరిగింది. "మీరు బయట నిలబడండి."

అతను బయట నిలబడ్డాడు. తలుపు అద్దంలోంచి చూశాడు. లోపల పాట మోగుతోందని షాపాయన చెయ్యి కదలడాన్ని బట్టి తెలుస్తోంది. వినపడడం లేదు. ఈ అద్దానికి అరచేతంత స్పీకరు కూడా లేదు. కుర్చీలో ఆమె తల పక్కకు వంచి ఉంది. ఒక వేలు ఎత్తింది. తర్వాత రెండు వేళ్ళు. తర్వాత రెండు. తర్వాత ఒకటి. ప్రతిసారీ చిన్నవే అన్నట్టు షాపాయన తల ఊపాడు. ఆరోసారికి ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు. కళ్ళు మూసుకుని ఉంది గనక ఆమెకది కనపడలేదు.

బయటికి వచ్చి ఆమె బ్యాగులోంచి పని వద్దని రాసిన చీటీ తీసింది. చించుతుందనుకున్నాడు. మడత విప్పకుండా అతని చొక్కా జేబులో పెట్టింది.

"మీ దగ్గర ఉండనివ్వండి," అంది.

మర్నాడు ఆమె మామూలు టైముకు ఫ్యాక్టరీకి వెళ్ళింది. రాత్రి అతను హాలు నుంచి వచ్చాక, పెద్ద మెకానిక్కు పనికి ఒప్పుకున్నానని చెప్పింది. ఆ మర్నాడు పొద్దున పెద్ద పెట్టెలు దించడానికి బావమరిది వచ్చాడు.

"మళ్ళీ నేనేనా బావా? ఎక్కించింది చాలదా?" ఒక కొస అతను పట్టుకున్నాడు, రెండో కొస ఆపరేటర్. భార్య తాళం చేత్తో పట్టుకుని వెనక దిగుతోంది. మొదటి అంతస్తు మలుపులో బావమరిది ఆయాసం తీర్చుకుంటూ పైకి చూశాడు. "ఏమే అక్కా! మిషన్ కడుపులో ఏముందో చెప్తావు గానీ, స్పీకరు దగ్గర బోల్తా పడ్డావా? డాక్టరమ్మ చెవి ఇంతేనా?"

"గదికి పెద్దవయ్యాయిరా," అంది ఆమె. "నేనే సరిగ్గా వినలేదు."

ఆమె గొంతులో వెటకారం లేదు. భర్త వైపు చూడనూ లేదు. తాళం చేతిలో తిప్పుకుంటూ నిలబడింది.

జేబులో చీటీ ఆపరేటర్ గుండెకూ పెట్టె అంచుకూ మధ్య నలుగుతోంది. అతను తన వైపు కొస మెట్టు మీద దించాడు.

"ఆపకు బావా, ఇంకో అంతస్తే ఉంది!"

"మీ అక్క సరిగ్గానే వింది," అన్నాడు ఆపరేటర్. "ఆ రోజు నాబ్ నా చేతిలో ఉంది. దించు. కూర్చో. చెప్తాను."