అచ్యుతరామయ్యగారి కళ్ళు తిరిగిన కథ

నేను ఒక కళ్ళజోడును. అయితే నన్ను పెట్టుకున్నవాళ్ళకు ఎదురుగా ఉన్న బల్ల కూడా కనిపించదు. నా లోపల రెండు చిన్న తెరలున్నాయి. వాటిలో సముద్రం చూపిస్తే మనుషులు ప్యాంటు పైకి లాక్కుంటారు. కొండ అంచు చూపిస్తే చదునైన నేల మీద నిలబడి కేకలు వేస్తారు. నన్ను వీఆర్ హెడ్‌సెట్ అంటారు. ఎక్కడో దూరదేశపు కర్మాగారంలో ఒకామె నా అద్దాలు బిగించి, తుడిచి, పెట్టెలో పెట్టింది. పెట్టె తెరుచుకునేసరికి విశాఖపట్నంలో, ఒక విశ్వవిద్యాలయపు సినిమా విభాగంలో ఉన్నాను.

అక్కడ ఆ ఏడే వర్చువల్ ప్రొడక్షన్ కోర్సు పెట్టారు. అంటే షూటింగుకు ఊళ్ళు తిరగక్కర్లేదు. కంప్యూటర్‌లో కట్టిన ఊరిని పెద్ద ఎల్ఈడీ గోడ మీద వేసి, దాని ముందు నటుల్ని నిలబెట్టి తీస్తారు. ఆ ఊరు గోడ ఎక్కకముందే నాలోంచి అందులో తిరిగి చూసుకోవచ్చు. ఈ పాఠం చెప్పాల్సినవారు అచ్యుతరామయ్యగారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా కెమెరా పాఠాలు చెబుతున్న మనిషి. కళ్ళు మూసుకున్నా వెలుగు ఎటునుంచి పడుతోందో చెప్పగలరని విద్యార్థుల నమ్మకం.

మొదటి రోజు తరగతి ముందు నన్ను పెట్టుకున్నారు. అర నిమిషంలో ఆయన నుదుటి చెమట నా స్పాంజిలోకి దిగింది. బల్ల అంచు పట్టుకుని నన్ను తీసేసి, "బ్యాటరీ అయిపోయినట్టుంది" అన్నారు. నా బ్యాటరీ నిండుగా ఉంది. చెప్పడానికి నాకు నోరు లేదు. ఆ తర్వాత రెండు వారాలు "ముందు థియరీ" అంటూ నన్ను బీరువాలోనే ఉంచారు. ఈలోగా కబురొచ్చింది. నెలాఖరుకు పరిశీలన బృందం వస్తుందట. పాఠం చెప్పేవారే స్వయంగా చేసి చూపించాలి, లేకపోతే కోర్సు వేరేవారికి ఇస్తారు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆయన తలుపు దగ్గరగా వేసి నన్ను పెట్టుకున్నారు. నిమిషం గడిచిందో లేదో, నన్ను లాగేసి చెత్తబుట్ట వెతుక్కున్నారు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకొచ్చింది గరికిన నూకరత్నం, చేపలరేవు నుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థిని.

"సార్! ఏటైపోయింది?"

"ఏం లేదమ్మా, పొద్దున తిన్న ఉప్మా..."

"ఉప్మా కాదు సార్. ఆ రోజు బ్యాటరీ కూడా కాదు." గ్లాసుతో నీళ్ళిచ్చింది. "తొలిసారి బోటెక్కినప్పుడు నాకూ ఇలాగే అయింది. నిలబడొద్దు, కూకో, దూరంగా ఒక్కదాని మీదే చూపెట్టు అన్నాడు మా అయ్య. మీరూ కూకోండి సార్."

ఆయన కూర్చున్నారు. ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం అయిదు నిమిషాలు పాఠం. గురువుగారు కుర్చీలో, శిష్యురాలు పక్కన నిలబడి. "తల గబగబా తిప్పకండి సార్" అని ఆమె కసిరితే ఆయన బుద్ధిగా తల ఊపడం, ఊపొద్దని ఆమె మళ్ళీ కసరడం నాకు భలే వినోదం.

బృందం వచ్చిన రోజు విద్యార్థులు తాము కట్టిన చేపలరేవును సూర్యోదయవేళ గోడ మీద వేశారు. దాని ముందు నటిగా నూకరత్నం నిలబడింది. ఆయన నన్ను పెట్టుకుని రేవులో నాలుగడుగులు వేశారు. పడవలు ఊగాయి. ఆయన కాళ్ళూ ఊగాయి. మళ్ళీ బ్యాటరీ మీదకే నెడతారనుకున్నాను.

"కళ్ళు తిరుగుతున్నాయి. ఎవరైనా కుర్చీ వేయండి" అన్నారు.

కూర్చుని, సముద్రం చివరి గీత మీద చూపు నిలిపి, మెల్లగా రేవంతా చూశారు. తర్వాత నన్ను తీసి నూకరత్నం వైపు చూశారు.

"గోడ మీద సూర్యుడు ఎడమవైపు పొడుస్తున్నాడు. అమ్మాయి మొహం మీద వెలుగు కుడివైపు నుంచి పడుతోంది. ఆ లైటు ఇటు జరపండి."

లైటు జరిగింది. అంతవరకూ బొమ్మ ముందు నిలబడినట్టున్న నూకరత్నం ఒక్కసారిగా రేవులోకి వచ్చేసింది. బృందంలో పెద్దాయన రాయడం ఆపి అలాగే చూస్తూ ఉండిపోయారు. కోర్సు అచ్యుతరామయ్యగారికే ఉండిపోయింది.

అయిదేళ్ళయింది. నా పట్టీ సాగిపోయింది, ఒక అద్దం మీద గీత పడింది. కొత్తవి వచ్చాక నన్ను తరగతి గదిలోనే గాజు బీరువాలో కూర్చోబెట్టారు. మొన్న కొత్త బ్యాచ్ వచ్చింది. అందరూ కళ్ళజోళ్ళు పెట్టుకుని తీశాక అచ్యుతరామయ్యగారు అడిగారు, "ఎవరికైనా కళ్ళు తిరిగాయా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. ఒకడు గోడకు ఆనుకుని సీలింగును మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

"నాకైతే మొదట్లో వాంతి అయింది" అన్నారాయన.

పదకొండు చేతులు లేచాయి.