రంగు పోయిన నీళ్ళు

వీధి మొత్తానికి అతను మెరుపుల తమ్ముడు. ఎక్కడో ప్రయోగశాలలో పనిచేసే తమ్ముడి గొప్పలు చెప్పీ చెప్పీ అక్కే తెచ్చిపెట్టిన పేరది.

అద్దకాల కర్మాగారం పుణ్యమా అని ఆ వీధి బావిలోకి గులాబీ రంగు దిగింది. ఆ నీళ్ళతో తోమితే గిన్నెలు సిగ్గుపడ్డట్టు ఎర్రబడేవి. కర్మాగారం మూతపడింది గానీ బావిలో రంగు మాత్రం మూతపడలేదు. మున్సిపాలిటీ వాళ్ళు ఇంటికి బదులు ఇల్లిస్తాం, గడువులోగా వేరేచోటికి పొమ్మన్నారు. సగం వీధి పోయింది. "మా తమ్ముడు బాగుచేస్తానన్నాడు" అంటూ అక్క కదలలేదు. ఆమెను చూసి మిగతా సగమూ కదలలేదు.

అతను ప్లాస్మా యంత్రమొకటి తెచ్చి బావి పక్కన బిగించాడు. బావి నీళ్ళు తోడిపోసిన తొట్టి మీద వరసగా సూదులు, వాటిలోకి కరెంటు, వాటి కొసల నుంచి నీళ్ళ మీదికి ఊదారంగు మెరుపులు.

"ప్లాస్మా అంటే రక్తంలో ఉండేదిగా?" అన్నాడు బావ.

"అది వేరు బావా. ఇది గాలికి కరెంటు ఎక్కితే పుట్టేది."

"మీ అక్కకి కరెంటు కూడా అక్కర్లేదు. కాస్త గాలి తగిలితే చాలు, ఉరుములూ మెరుపులూ తనే పుట్టిస్తుంది."

"ఉరిమేది నేనే, ముసురు పట్టిన మొహం మాత్రం మీది" అంది అక్క.

చుట్టూ చేరిన వీధివాళ్ళందరూ నవ్వుతుండగానే తొట్టిలో గులాబీ వెలిసిపోయింది. అతను చెయ్యెత్తేలోపు అక్క గ్లాసు ముంచి గటగటా తాగేసి, "నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి" అని తీర్పు చెప్పేసింది. అతను ఎత్తబోయిన చెయ్యి దించేసుకున్నాడు. ప్రయోగశాలలో అతనూ అలాగే తీర్పు చెప్పేవాడు మరి. స్వచ్ఛమైన నీళ్ళలో రంగు కలపడం, మెరుపులు కురిపించడం, రంగు పోతే పని అయిందనుకోవడం. అతని గురువుగారూ అంతే, గురువుగారి గురువుగారూ అంతే.

ఎందుకైనా మంచిదని ఒక సీసాడు నీళ్ళు పెద్ద పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేసరికి వీధంతా ఆ తొట్టి నీళ్ళకే అలవాటుపడింది, ఇళ్ళ గడువూ దాటింది. అక్కకు రావలసిన ఇల్లు ఇంకెవరికో పోయింది.

ఫలితం చేతపట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎంతసేపురా నీళ్ళు నములుతావు? మింగు, లేకపోతే ఉమ్మెయ్" అంది అక్క.

"రంగు పోయింది గానీ విషం పోలేదక్కా. ముక్కలైంది, అంతే. కొన్ని ముక్కలు అసలు దానికంటే చెడ్డవి."

"ఆ రోజు నీకు తెలియదా?"

"ఆ రోజు రంగే చూశాను. మేమెప్పుడూ రంగే చూస్తాం."

"యంత్రం ఇంకాసేపు తిప్పితే?" బావ గొంతులో ఈసారి వెటకారం లేదు.

"రోజంతా తిప్పితే వచ్చే మంచినీళ్ళు ఒక్క ఇంటికి చాలతాయేమో బావా. వీధికి చాలవు."

గులాబీ నీళ్ళను ఆ వీధిలో పిల్లి కూడా ముట్టేది కాదు. విషానికి ఉన్న ఒకే ఒక్క నిజాయితీ దాని రంగు. ఇతగాడు సరిగ్గా దాన్నే కడిగేశాడు.

"నువ్వు చెప్పకు. అందరి ముందూ తాగింది నేను, నేనే చెబుతాను" అని అక్క చేతిలో బిందెతోనే బయటికి నడిచింది. అతను వెనకే వెళ్ళి యంత్రం ప్లగ్గు పీకేశాడు.

"పట్టకండమ్మా. ఈ నీళ్ళు మంచివి కావట" అంది అక్క.

వరసలో ముందున్నావిడ తొట్టిలోకి తొంగిచూసింది. నీళ్ళ అడుగున తొట్టి గచ్చు తళతళలాడుతోంది.

"నిన్నటిదాకా మంచివేగా వదినా?"

"నిన్న తెలియదు."

"అందరం పట్టుకుంటుంటే నీకు తరిగిపోతున్నాయా? తమ్ముడు నీవాడైతే బావి కూడా నీదేనా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "కాదమ్మా, నా మాట..." అంటూ అతను నోరు తెరిచాడు. "నువ్వుండు నాయనా, నువ్వు చేసిన మేలు చాలు, మీ అక్క సంగతి మాకు తెలుసు" అని అతన్ని మర్యాదగా పక్కకు జరిపి, ఆవిడే ప్లగ్గు మళ్ళీ పెట్టింది.

అక్క బిందె బోర్లించి దాని మీద కూలబడింది. వరస ఆమెను చుట్టి ముందుకు సాగింది.