బ్రెస్ వంటలు తప్ప

మిరెయ్ వంటింట్లో కిటికీ పక్కన ఒక అర ఉంది. దాని నిండా వంటల పుస్తకాలే. అందులో ఒక్కటీ ఆమె కొనుక్కున్నది కాదు. పెళ్లయి పాతికేళ్లు దాటింది. ఏటా క్రిస్మస్‌కి అత్తగారు ఒదెత్ ఒక్కో పుస్తకం కానుకగా ఇస్తూ వచ్చింది. బ్రెటన్ల అట్లు, నార్మండీ మీగడ వంటలు, అల్సాస్ వాళ్ల పులిసిన క్యాబేజీ, మార్సెయ్ చేపల పులుసులు. ఫ్రాన్సు దేశమంతా ఆ అరలో కొలువు తీరింది, ఒక్క బ్రెస్ సీమ తప్ప. వీళ్ల ఇల్లు ఉన్నదీ, వీళ్ల కోళ్లు మేసేదీ, ఒదెత్ పుట్టి పెరిగిందీ ఆ బ్రెస్‌లోనే.

"మన వంటకి పుస్తకమెందుకే? నేనింకా బతికే ఉన్నాగా," అనేది ఒదెత్.

ఇచ్చేదేదో ఊరికే ఇచ్చినా బాగుండేది. బల్ల చుట్టూ అందరూ ఉండగా, మిరెయ్ రంగు కాగితం విప్పుతుండగా, "ఏదో, ఈ ఏడైనా పిల్లకి చెయ్యి తిరుగుతుందేమోనని," అంటూ నిట్టూర్చేది. ఆడబిడ్డ నదీన్ కిసుక్కుమనేది. మిరెయ్ మొగుడు తియెరీ అయితే బల్ల చరిచి మరీ నవ్వేవాడు. కట్టుకున్నవాడు ఆ ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చుంటే ఏం పోయింది? ముల్లె పోయిందా, మూట పోయిందా? అయినా నవ్వేవాడు.

ఆ నవ్వులన్నిటికీ మూలం కార్జం కేకు. కోడి కార్జాలు మెత్తగా నూరి, గుడ్లూ పాలూ కలిపి, అచ్చులో పోసి ఆవిరి మీద ఉడికించి, టమాటా సాస్‌తో తింటారు. ఆ సీమలో అది లేనిదే ఆదివారం ఆదివారం కాదు. ఒదెత్ చేస్తే చెంచా వెన్నలో దిగినట్టు దిగేది. మిరెయ్ చేస్తే ఇసుక. అత్తగారు నోటితో చెప్పిన కొలతలే, అత్తగారిలాంటి అచ్చే, అంతే సెగ. అయినా ఇసుకే. ఇంటర్నెట్‌లో వెతికితే తలా ఒకలా చెప్పారు. అవీ చేసి చూసింది. "బాగానే ఉంది గానీ, మా అమ్మ చేసేది ఇది కాదు," అన్నాడు తియెరీ. చివరికి విసిగి ఆ వంట జోలికే పోవడం మానేసింది. ఆదివారమొస్తే అందరూ ఒదెత్ ఇంటికే. క్రిస్మస్‌కీ అక్కడికే.

ఈ ఏడు కథ మారింది. ఒదెత్‌కి తుంటికి ఆపరేషన్ అయి, పొయ్యి దగ్గర నిలబడే ఓపిక పోయింది. దాంతో క్రిస్మస్ భోజనం మొట్టమొదటిసారి మిరెయ్ ఇంట్లో పడింది. పైగా కొడుకు రెమీ, తనతో కలిసి కాపురం పెట్టిన పిల్ల లూసిల్‌ని ఇంటికి తీసుకొస్తానన్నాడు.

"కార్జం కేకు మాత్రం కొట్లో కొనేద్దాం. ఆ పిల్ల ముందు పరువు పోతుంది," అన్నాడు తియెరీ, ఉప్పు అందించమన్నంత తేలిగ్గా.

మిరెయ్‌కి ఒళ్లు భగ్గుమంది. సొంత ఇంట్లో, సొంత బల్ల మీద, కొడుకు కాబోయే కోడల్ని తెచ్చిన రోజున కూడా తాను చేతకానిదానిలాగే కూర్చోవాలా? రేపు ఆ పిల్ల కూడా వాళ్లతో కలిసి నవ్వాలా?

"కొనేది లేదు. నేనే చేస్తా," అంది.

తియెరీ ఎప్పట్లాగే నవ్వాడు.

క్రిస్మస్ ఇంకా వారముందనగా అత్తాకోడళ్లు బూర్ పట్నం వెళ్లారు. ఆ రోజు అక్కడ పెంపుడు కోళ్ల ప్రదర్శన, ఏ కోడి మేలైనదో తేల్చే పోటీ. వీధుల్లో ఇసకేస్తే రాలనంత జనం. లూసిల్‌కి వండుకోవడం సరదా అనీ, ఏదైనా వంటల పుస్తకం ఇస్తే సంతోషిస్తుందనీ రెమీ చెప్పాడు. కొనుక్కొస్తానని మిరెయ్ బయల్దేరితే, ఒదెత్ చేతికర్ర పట్టుకుని కారెక్కేసింది.

"పుస్తకం ఏరడం నీకేం తెలుసు? నేను కదూ ఇన్నేళ్లూ ఏరింది!"

పుస్తకాల దుకాణంలో వంటల బల్ల నిండుగా ఉంది. టీవీల్లో కనబడే వంటవాళ్లు అట్టల మీద చేతులు కట్టుకుని నిలబడ్డారు. దుకాణం నడిపేది ఒక పొడుగాటి మనిషి. "రోజూ ఇంట్లో వండుకునే పిల్లకైతే ఇవి వద్దమ్మా," అంది ఆవిడ. "వీటిని జనం ఒకసారి తిరగేసి సోఫా పక్కన పడేస్తారు. పేజీల మీద నూనె మరకలు పడే పుస్తకం కొనండి," అని కింద అరలోంచి బొమ్మల్లేని, బూడిద రంగు అట్ట పుస్తకం ఒకటి తీసి మిరెయ్ చేతిలో పెట్టింది. బ్రెస్ సీమ ఇళ్లలో వంటలు. ఇక్కడి ఆడవాళ్లు చెప్పగా ఎవరో రాసింది.

"అది వద్దు," అంది ఒదెత్.

"ఏం?"

"అక్షరాలు మరీ చిన్నవి."

"లూసిల్‌కి పాతికేళ్లు అత్తయ్యా. కళ్లు లక్షణంగా ఉన్నాయి."

"కాగితం మంచిది కాదు. ఇదిగో, సవోయ్ చీజు వంటలు. ఎంత బాగుందో చూడు, ఎన్ని బొమ్మలో!" అంటూ ఒదెత్ బూడిద పుస్తకం లాక్కుని బొత్తి అడుగుకి తోసేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఎవరూ ఏమీ అనలేదు, ఆవిడ చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి.

మిరెయ్ బొత్తి ఎత్తి ఆ పుస్తకం మళ్లీ తీసింది. కార్జం కేకు పేజీ తెరిచింది. కార్జాలు, గుడ్లు, పాలు, వెల్లుల్లి. వాటన్నిటికంటే పైన, మొదటి వరుసలో, ఆవు కాలెముక మూలుగ.

"మూలుగ," అంది. "మీరు మూలుగ వేస్తారా?"

"అందరూ వేసేదే."

"నాకు చెప్పారా?"

"నువ్వడిగావా?"

"అడగలేదా? మీ వంటింట్లో నిలబడి, చేతిలో పెన్ను పట్టుకుని, ఇంకేమైనా మర్చిపోయారా అత్తయ్యా అని అడగలేదా? 'అంతేనే, మిగతాది చేతిలో ఉంటుంది' అన్నారు! చేతిలో ఉంటుందట! ఎముకలో ఉంటే చేతిలో ఎలా ఉంటుంది?"

చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పారు. దుకాణం ఆవిడ సర్దిన బొత్తినే మళ్లీ సర్దుతోంది. మిరెయ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. అర నిండా ఉన్న పుస్తకాలు ఒక్కొక్కటే కళ్లముందుకొచ్చాయి. బ్రెటన్లు, నార్మన్లు, అల్సాస్ వాళ్లు. ఎంత ఏరుకుంది మహాతల్లి! మూలుగ ముక్క కనబడని సీమలన్నీ వెతికి వెతికి, రంగు కాగితాల్లో చుట్టి, మీద రిబ్బను కట్టి మరీ ఇచ్చింది!

"గొంతు తగ్గించు," అంది ఒదెత్. "మా అత్త మాత్రం నాకు చెప్పిందా? ఆవిడ పోయాక మాంసం కొట్టువాడు చెప్పాడు, 'ముసలమ్మ వారం వారం ఎముకలు పట్టుకెళ్లేది, నువ్వు తీసుకోవేం' అని. నేనూ ఇసుకే తిన్నాను."

"ఆ ఇసుకే నాకూ పెట్టారన్నమాట."

"పెడితే? అన్నీ నీకు నేర్పేసి కూర్చుంటే, ఆదివారం నా గుమ్మం తొక్కేదెవరే?"

ఒంటరిదైపోతానని ముసలావిడ భయమన్నమాట. కానీ ఈవిడ భయానికి తాను ఇన్నేళ్లూ నవ్వులపాలవ్వాలా?

"కేకు కోసం రాలేదు అత్తయ్యా, మీ కోసం వచ్చాం. ఇకముందు వస్తామో లేదో నాకు తెలీదు," అంది. బూడిద పుస్తకం కొని, అక్కణ్ణించి తిన్నగా మాంసం కొట్టుకి నడిచింది.

క్రిస్మస్ నాడు కేకు అచ్చులోంచి పగలకుండా దిగింది. లూసిల్ అప్పటికే తన కానుక విప్పుకుని, ఆ బూడిద పుస్తకం పళ్లెం పక్కనే పెట్టుకుంది. తియెరీ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా! పొద్దున్నే వచ్చి చేసిపెట్టావా? ఆ తుంటితో నీకెందుకే ఈ తంటా?"

"అమ్మ చెయ్యి అమ్మ చెయ్యే," అంది నదీన్.

ఒదెత్ తేలు కుట్టిన దొంగలా పళ్లెంలోకి చూస్తోంది. ఔననలేదు, కాదనలేదు. మిరెయ్ గరిటె పట్టుకుని నిలబడి ఎదురుచూసింది. నేను కాదురా, నీ పెళ్లాం చేసింది అనే ఒక్క మాట చాలు. ఆ మాట రాలేదు.

"ఆవు మూలుగ," అంది మిరెయ్.

"ఏంటి?"

"కార్జాలతో పాటు ఆవు మూలుగ నూరాలి. వేస్తే ఇది వస్తుంది, వెయ్యకపోతే నా ఇసుక వస్తుంది. మీ అమ్మ నాకా సంగతి చెప్పలేదు. మర్చిపోయి కాదు, కావాలనే. ఇచ్చిన పుస్తకాలు కూడా అది లేనివే ఏరి ఏరి ఇచ్చింది. ఈ కేకు చేసింది నేను."

తియెరీ ఫోర్కు గాల్లోనే ఆగిపోయింది. "అమ్మా, నిజమేనా?"

"మా అత్తగారు కూడా..." అని గొణిగింది ఒదెత్.

"అమ్మని తరవాత అడుగుదువుగాని. ముందు నీ సంగతి చెప్పు," అంది మిరెయ్. "ఆవిడ దాచింది ఒక్క ముక్క. నువ్వు పాతికేళ్లు నవ్వావు. నా పెళ్లాం అన్నీ బాగా చేస్తుంది, ఇదొక్కటే ఎందుకు చెడుతోందని ఒక్కనాడు వంటింట్లోకి తొంగి చూశావా? నవ్వు మరి. బల్ల చరిచి నవ్వు. ఏం, ఇవాళ చెయ్యి నొప్పా?"

రెమీ తండ్రి వంక చూసి తల దించుకున్నాడు. తియెరీ ఫోర్కు పళ్లెంలో పెట్టేశాడు.

మాట మార్చాలని కాబోలు, లూసిల్ పుస్తకం తెరిచి మెల్లగా అడిగింది. "ఇందులో ఒక ఎముక అని ఉంది మామ్మగారూ. సరిపోతుందంటారా?"

"ఒకటేం సరిపోతుంది తల్లీ!" అంది ఒదెత్ చప్పున. "రాసినవాడి మొహం. రెండు కావాలి. ముందురోజే ఉప్పునీళ్లలో వేసి, నెత్తురంతా పోయేదాకా నీళ్లు మార్చి..."

రెండు. ఆ సంగతి పుస్తకంలో లేదు. మిరెయ్‌కీ తెలియదు. ఇన్నేళ్లు బతిమాలినా తన కోసం పెగలని నోరు, గడప తొక్కి గంటైనా కాని పిల్లకి ముత్యాలు రాల్చినట్టు రాలుస్తోంది. ఇంతసేపూ వచ్చిన కోపం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆమె గరిటె బల్ల మీద పెట్టేసింది.

"అత్తయ్యా. ఆ పిల్లకి కాదు. ఇటు తిరిగి నాకు చెప్పండి. మొదట్నుంచి."

ఒదెత్ చేతికర్ర మీద బరువు మోపి, కష్టం మీద కుర్చీని కోడలి వైపు తిప్పుకుంది. "కార్జాలు లేత రంగులో ఉన్నవి ఏరుకోవాలి," అని మొదలుపెట్టింది.