బయ్యన్న బీడీ పోరాటం

సోమందేపల్లె అవతల హైవే పక్కన యేసన్న టీ అంగడి ముందు పంచాయతీవాళ్లు బోర్డు పాతిన రోజు ఊరంతా నవ్వింది. నలుగురూ తిరిగే చోట బీడీ, సిగరెట్టు కాలిస్తే జరిమానా అని రాసుంది. బోర్డు పాతిన కూలీయే దానికి వీపు ఆనించి మొదటి బీడీ ముట్టించాడు మరి, నవ్వరా! వారం తిరక్కుండానే జరిమానాలు పడ్డాయి. నవ్వు ఆగిపోయి రచ్చ మొదలైంది.

రచ్చకు పెద్ద మన బయ్యన్న. శెనక్కాయ చేను ఎండినప్పుడు కూడా అంత గొంతు చేసుకోలేదు.

"వాన లేకపాయ, బోర్లో నీళ్లు లేకపాయ. మిగిలిందొక్క బీడీ, దాన్నీ పెరుక్కుంటారా? ఆసుపత్రిలో గోలీ రేటు పెరిగె, సూది రేటు పెరిగె, ఫోటో తీసే మిషను రేటు చెప్పనే పన్లేదు. అవి తగ్గించే చేతగాక మా బీడీ మింద పడతారా?"

జనం ఈలలు వేశారు. నిజానికి బయ్యన్నకు బీడీ అంటే ఇప్పుడు వెగటు. ఛాతీలో గురగుర మొదలైనప్పుడే మానేశాడు. రోజుకు ఒక్కటి మాత్రం మిగుల్చుకున్నాడు, అదీ తమ్ముడి కోసం.

తమ్ముడు ఓబుళేసుతో ఆయనకు మాటల్లేవు. గట్టు మీద వేసిన బోరు నాదంటే నాదని ఇద్దరూ ఎడమొహం పెడమొహం అయ్యారు. బోరు ఎప్పుడో ఎండిపోయింది. పంతం మాత్రం చుక్క నీళ్లు లేకుండానే ఏపుగా పెరిగింది. ఒకరి ఇంట్లో పెళ్లికి ఇంకొకరు పోలేదు. అయితే ఆ ఊళ్లో ఒక కట్టు ఉంది. ఎంత పగవాడైనా సరే, బీడీకి నిప్పు అడిగితే లేదనకూడదు. నోటితో అడగాల్సిన పని కూడా లేదు. పొద్దున్నే యేసన్న అంగడి దగ్గర ఓబుళేసు బీడీ కాలుస్తూ నిలబడేవాడు. బయ్యన్న తన బీడీ నోట్లో పెట్టుకొని మొహం ముందుకు చాచేవాడు. తమ్ముడు తన బీడీ కొన ఆనించేవాడు. అంటుకోగానే చెరోపక్కకు తిరిగేవాళ్లు. రెండు దమ్ములు లాగి బయ్యన్న దాన్ని కాలికింద నలిపేసి ఇంటికి పోయేవాడు. ఆ పూటకు ఆయన మనసు నిండిపోయేది.

బోర్డు పడినాక ఓబుళేసు అంగడి దిక్కే రావడం మానేశాడు. బయ్యన్న రోజూ వచ్చి, దోవ చూసి, టీ చల్లార్చుకొని పోతున్నాడు.

"నీకు కావల్సింది బీడీ గాదు, నీ తమ్ముడు. పోయి పలకరించరాదా?" అంది భార్య లక్ష్మీదేవమ్మ, సంగటి ముద్ద పళ్లెంలో వేస్తూ.

"నేనెందుకు పలకరించల్ల? చిన్నోడు వాడు. వాడే రావల్ల."

"అట్లయితే పోయి ఆ బోర్డుతోనే కొట్లాడు. అదైతే మాటకు మాట చెప్పదు."

బయ్యన్న అదే చేశాడు. మగవాళ్లందరినీ పోగుచేసి, ముట్టించని బీడీలు నోట్లో పెట్టించి, బోర్డు ముందు ధర్నాకు కూర్చోబెట్టాడు. మండే ఎండ. టీల మీద టీలు అమ్ముడుపోతుంటే, ఇట్లాంటి పోరాటం నెల పొడుగునా జరగాలని యేసన్న దేవుడికి మొక్కుకున్నాడు.

చివరికి పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు పెట్టారు. డాక్టరమ్మ అనుపమ వచ్చి, పొగ వల్ల జబ్బులు, జబ్బుల వల్ల ఖర్చులు అని ఓపిగ్గా చెప్పుకొచ్చింది. జనం ఊరుకుంటారా, ఆసుపత్రి రేట్ల మీద ఆమెను కడిగేశారు.

"ఆసుపత్రి ఖర్చుల గురించి మీరనేది నిజమే, నేను కాదనను. ఛాతీ పరీక్ష ఈ ఊళ్లోనే ఉచితంగా చేయడానికి వారం వారం నేనొస్తాను. మరి బీడీ మానడం మీ వంతు కదా?" అంది ఆమె.

అప్పుడు వెనకనుంచి ఓబుళేసు లేచాడు. చిక్కిపోయి ఉన్నాడు. చూడగానే బయ్యన్న గుండె కలుక్కుమంది.

"బోర్డు ఉండనీండి," అన్నాడు ఓబుళేసు.

జనం గోల చేశారు. బయ్యన్న చెవులు ఎర్రబడ్డాయి. బోరు దగ్గర సరే, బీడీ దగ్గర కూడా ఎదురు నిలబడతాడా వీడు!

"నాకు ఛాతీ చెడి ఆసుపత్రిలో పండుకొని వస్తి. బీడీ ముట్టొద్దనిరి. మానేసి శానా దినాలాయ. ఈ బోర్డు పడేదాకా పొద్దున ఒక్కటి మాత్రం కాలుస్తాంటి, దగ్గు వచ్చినా సరే అని. మాయన్న నిప్పుకు వస్తాడు. నాతాన నిప్పు లేకుంటే ఆయప్ప ఇంగ నా దిక్కు ఎందుకొస్తాడు?"

ఓబుళేసు తల వంచుకొని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. జవాబు చెప్పమన్నట్టు జనమంతా తమ నాయకుడి వైపు తిరిగారు.

బయ్యన్న లేచాడు. ఉన్నట్టుండి నవ్వు ముంచుకొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒరే ఓబుళేసూ! నేను గూడా మానేసినా గదరా! నీ నిప్పు కోసరమే ఆ ఒక్క బీడీ జేబులో పెట్టుకొని తిరుగుతాండేది!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వులతో పంచాయతీ ఆఫీసు రేకులు అదిరాయి. డాక్టరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఏమప్పా బయ్యన్నా, మీ ఇద్దురూ పలకరించుకునేదానికా మమ్మల్ని ఎండలో కూచోబెట్టింది?" అని ఎవరో అరిచారు. అన్నదమ్ములకు అదేమీ వినబడలేదు. బయ్యన్న జనాన్ని తోసుకుంటూ పోయి తమ్ముడి భుజం పట్టుకున్నాడు. ఎముకలు చేతికి తగిలాయి. ఆయనకు మళ్లీ ఏడుపొచ్చింది.

బోర్డు ఉండిపోయింది. డాక్టరమ్మ చేత మాత్రం గురువారం గురువారం వస్తానని అందరి ముందూ ఒప్పించుకున్నారు.

మరుసటి రోజు పొద్దున యేసన్న అంగడి దగ్గర పెద్ద కేకలు. పాతపగ మళ్లీ లేచిందనుకొని నలుగురు పరుగెత్తుకొచ్చారు. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా బెంచీల మీద కూర్చొని చేతులు ఊపుతున్నారు.

"నీ వల్లనే నాకు ఈ గురగుర తగులుకునె!" అంటున్నాడు బయ్యన్న.

"నువ్వు రోజూ మూతి చాస్తాంటివి గదా, నేనేం చేయల్ల? నోరు తెరిసి ఒరే తమ్ముడా అంటే నీ సొమ్మేం పోతాండె?"

"నువ్వు అనరాదా అన్నా అని? నోట్లో ఏమన్నా పెట్టుకొనింటివా?"

"బీడీ పెట్టుకొనింటి!"

వచ్చినవాళ్లలో ఒకాయన ఇద్దరి మధ్యలోకి దూరి, "ఊరుకోండప్పా, ఊరుకోండి," అని చేతులు అడ్డం పెట్టాడు.

బయ్యన్న ఆయన్ను అవతలికి నెట్టేశాడు.

"నువ్వు పక్కకు పోప్పా. మేము మాట్లాడుకుంటాండాం!"