బొటనవేలి కింది బటన్

"బ్యాటరీలు ఛార్జింగ్‌కి పెట్టావా?"

పొద్దున కళ్ళు తెరవగానే మా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఇదే. పెట్టాను. ఆరు బ్యాటరీలు పెట్టాను, మెమరీ కార్డులు ఖాళీ చేశాను, లెన్సులు మెత్తటి బట్టతో తుడిచాను, ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను, పాప లంచ్ బాక్స్ సర్దాను, అత్తయ్యగారి కళ్ళల్లో చుక్కలు వేశాను. ఇన్ని చేసినా ఆ ప్రశ్న ఆగదు. ఎందుకంటే అది ప్రశ్న కాదు, బడిలో హాజరు పిలవడం లాంటిది. మాది ఫొటో స్టూడియో. కింద షాపు, పైన ఇల్లు. ఫంక్షన్లకి ఇద్దరం వెళ్తాం. ఆయన కొత్త కెమెరాతో ఎదురుగా నిలబడి ముఖ్యమైనవి తీస్తారు. నేను పాత కెమెరాతో ఓ పక్కన ఆడవాళ్ళనీ పిల్లల్నీ తీస్తాను. ఇంటికొచ్చాక అన్నీ కంప్యూటర్లో వేసి, మంచివి ఏరి, రంగులు సరిచేసి ఆల్బమ్ తయారు చేసేది నేనే. చివరి పేజీలో మాత్రం ఆయన పేరుంటుంది. "ఇద్దరి పేర్లూ వేస్తే బావుంటుందేమోనండీ" అని ఒకసారి అన్నాను. "ఇదేమన్నా శుభలేఖా, ఇద్దరి పేర్లూ వెయ్యడానికి?" అన్నారు. షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

చాలా ఏళ్ళు నా ఫొటోలు మసగ్గా వచ్చేవి. పిల్లలు ఒక్కచోట నిలబడరు కదా. పైనున్న బటన్ సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో. ఒకే వేలికి రెండు పనులు. నొక్కిన ప్రతిసారీ కెమెరా మళ్ళీ మొదటినుంచి వెతుక్కుంటుంది. ఈలోగా ఎవరైనా అడ్డం నడిస్తే ఫోకస్ వాళ్ళ వీపు మీదకి పోతుంది. పిల్ల నవ్వు మసకబారిపోయి, వెనక కర్టెన్ కుట్లు మాత్రం చక్కగా కనిపించేవి. "నీ చెయ్యి వణుకుతుందే" అనేవారు ఆయన. "పొయ్యి మీద పాలు పొంగబెట్టుకునే చేతికి కెమెరా ఒకటి" అనేవారు అత్తయ్యగారు. ఇద్దరి మాటా నమ్మాను. కాఫీ కప్పు పట్టుకుని, చెయ్యి నిజంగా వణుకుతోందా అని చూసుకున్న రోజులున్నాయి.

ఒక మధ్యాహ్నం వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే, కెమెరా పెట్టెలో అడుగున పడున్న పుస్తకం తీశాను. కొన్ననాటి నుంచీ దాన్ని ఎవరూ తెరవలేదు. వంద పేజీలు దాటాక ఉంది అసలు సంగతి. ఫోకస్ పనిని పైబటన్ నుంచి తీసేసి, కెమెరా వెనక బొటనవేలికి అందే బటన్‌కి అప్పగించవచ్చట. బొటనవేలు నొక్కి ఉంచినంతసేపు కదిలే మనిషి వెంటే ఫోకస్ వెళ్తుంది. వేలు తీస్తే అక్కడే ఆగిపోతుంది. పైబటన్ మీది చూపుడువేలికి ఇక ఫొటో తియ్యడం ఒక్కటే పని. వెంటనే సెట్టింగ్ మార్చి, మేడమీద తాడాట ఆడుతున్న మా పాపని తీశాను. గాల్లో ఎగిరిన పిల్ల కనురెప్పలు ఒక్కొక్కటీ లెక్కపెట్టచ్చు. నాకు ఏడుపొచ్చింది. సంతోషం కొంచెమే, కోపమే ఎక్కువ. నా చేతికి ఏ జబ్బూ లేదు, ఇన్నేళ్ళూ లేదు.

ఆయనకి చూపించాను. "అందరూ ఒకలా తీస్తుంటే నీకెందుకీ వేషాలు?" అని ఆ సాయంత్రమే అన్నీ పాతపద్ధతికి మార్చేశారు. అప్పట్నుంచి ఇదొక మూగాట అయింది మాకు. ఫంక్షన్ అయ్యాక ఆయన మార్చేస్తారు. ఫంక్షన్‌కి ముందు హాలు బాత్‌రూంలో గడియ వేసుకుని నేను మళ్ళీ మారుస్తాను. నిమిషం పని. బయటికొచ్చేముందు కుళాయి తిప్పి చేతులు తడుపుకునేదాన్ని, దొంగచాటుగా సిగరెట్ కాల్చిన కుర్రాళ్ళలా. ఆ తర్వాత ఆల్బమ్ కోసం వచ్చినవాళ్ళంతా ఆయనతోనే, "ఈ పిల్లల ఫొటోలు ఎంత బాగా తీశారండీ!" అనేవాళ్ళు. "ఏదో మీ అభిమానం" అనేవారు ఆయన. సొమ్మొకడిది, సోకొకడిది.

పోయిన నెల మా ఊరి డాన్స్ టీచరుగారి ఆఖరి ప్రదర్శన. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, ఇక వద్దన్నారట డాక్టర్లు. ఆవిడే స్వయంగా షాపుకొచ్చి చెప్పారు. "నలభై ఏళ్ళు ఆడానమ్మా. స్టేజి మీద ఎలా ఉంటానో నాకే తెలీదు. ఒక్కటంటే ఒక్క మంచి ఫొటో లేదు." ఆ మాట ఆవిడ ఆయనకి చెప్పలేదు, నన్ను చూస్తూ చెప్పారు. ఆ రోజు నేను ముందే వెళ్ళి, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో నేల మీద కూర్చున్నాను. ఆవిడ మోకాళ్ళకి కట్టు బిగించుకోవడం, నొప్పికి పెదవి కొరుక్కోవడం, అద్దంలో చూసుకుని ఠక్కున నిటారుగా అయిపోవడం, అన్నీ తీశాను. ముప్ఫై ఒక్క ఫొటోలు.

ప్రదర్శన మొదలైన రెండు నిమిషాలకే ఆయన కెమెరా మొరాయించింది. నేను స్టేజి అంచున పూలకుండీ పక్కన కూర్చున్న ఓ చిన్నపిల్లని తీస్తున్నాను. వచ్చి "ఇటివ్వు" అని లాక్కున్నారు.

"ఏవండీ, ఫోకస్ వెనక బటన్‌కి..."

"ఇప్పుడా నీ పాఠాలు!"

ఆయన కళ్ళజోడు నలుగురిలో పెట్టుకోరు. పైగా కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ నా కంటికి సరిపెట్టుకున్నది, దాంట్లో ఆయనకి ఎలాగూ అంతా మసకే. నేను ఖాళీ చేతులతో పక్కనే నిలబడ్డాను. టీచరుగారి ఆట నేను చూడలేదు. ఆయన బొటనవేలే చూస్తున్నాను. అది ఆ బటన్‌కి అంగుళం దూరంలో ఊరికే ఆనుకుని ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు. చొక్కా పట్టుకుని లాగాను. రెండోసారి లాగినప్పుడు, "పదిమందిలో పరువు తియ్యకు" అన్నారు పళ్ళ మధ్య నుంచి. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టేవరకూ ఆ వేలు అలాగే ఉంది.

నాలుగు వందల పన్నెండు ఫొటోలు. ఫోకస్ నేను వదిలినచోటే ఉండిపోయింది. ప్రతిదాంట్లోనూ స్టేజి అంచునున్న పూలకుండీ ఆకు ఆకూ కనిపిస్తోంది. దాని వెనక టీచరుగారు మాత్రం నీళ్ళు పోసి చెరిపేసినట్టున్నారు. మూడు రోజులు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు నన్ను, బాగుచెయ్యమని. లేనిదాన్ని ఎక్కణ్ణించి తెస్తాను? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా ముందే ఆవిడకి ఫోన్ చేశారు. "మా ఆవిడ సెట్టింగులు కెలికిందండీ. ఏం చెయ్యమంటారు, చెప్తే వినదు." ఫోన్ పెట్టేసి నాతో అన్నారు, "ఇక ఆ కెమెరా మా తమ్ముడు పట్టుకుంటాడు. నువ్వు ఇంట్లో ఆల్బమ్‌లు చూసుకో."

నేను నోరెత్తలేదు. ఎందుకెత్తలేదో నన్ను నేనే వెయ్యిసార్లు అడుక్కున్నాను. భయం కాదు, అలసట. ఒక్క మాట అంటే దానికి పది సంజాయిషీలు చెప్పాలి, పదీ చెప్పేలోపు అన్నం టైమవుతుంది, వడ్డించాలి. వడ్డించే చేత్తో ఎవరూ పోట్లాడలేరు. అలా వాయిదా వేసుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎక్కడికి పోయాయో నాకు తెలీదు. ఎక్కడా ఉండవు. నాలో కూడా లేవు. బాత్‌రూంలో గడియ వేసుకున్న ఆ ఒక్క నిమిషం నాదనుకున్నాను, అదీ పోయింది. ఇక రేపు పొద్దున ఎందుకు లేవాలో కూడా నాకు తెలియలేదు. లేచాను, బ్యాటరీలు ఛార్జింగ్‌కి పెట్టాను.

మిగిలిన ముప్ఫై ఒక్కటీ పెద్దవిగా ప్రింటు వేయించారు. ఆదివారం టీచరుగారు కర్ర సాయంతో మెట్లెక్కి పైన ఇంటికే వచ్చారు. ఒక్కో ఫొటో తిప్పుతుంటే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అద్దం ముందు నిటారుగా ఉన్న ఫొటో దగ్గర కళ్ళు తుడుచుకున్నారు.

"ఇవెవరు తీశారు?"

"నేనేనండీ" అన్నారు మా ఆయన, తడుముకోకుండా.

ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది అది. గుమ్మం దగ్గర ఆయాని నిలబెట్టి మగపురుగుని రానివ్వలేదు. ఆవిడ కాళ్ళ దగ్గర గంటసేపు కూర్చున్నది నేను. ఆవిడ తలెత్తి నన్ను చూశారు. ఇప్పుడు అంటారు, ఇప్పుడు అంటారు అనుకున్నాను.

"చాలా బావున్నాయండీ, థాంక్సండీ" అన్నారు ఆయనతో.

మెట్లు దిగడానికి చెయ్యి అందించి వీధిదాకా వెళ్ళాను. కారెక్కబోతూ ఆవిడ నా చెయ్యి గట్టిగా నొక్కారు. "నాకు తెలుసమ్మా అవి నువ్వు తీసినవేనని. ఆయన ముందు అంటే నీకే ఇబ్బందని ఊరుకున్నాను."

"నాకేం ఇబ్బంది లేదండీ. ఒక్కసారి పైకి వచ్చి ఆయన ముందు ఆ మాట అనండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ మెట్ల వైపు చూశారు, తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు. "మళ్ళీ ఎక్కలేనమ్మా" అన్నారు. అది నిజమే. కారు వెళ్ళిపోయింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ, ఇన్నేళ్ళూ నేను చేసిందీ అదేగా.

పైకొచ్చేసరికి ఆయన మంచి హుషారుగా ఉన్నారు. "చూశావా, ఏడ్చేసింది పాపం. అవునుగానీ, ఆ వెనక బటన్ ఏదో బానే పనిచేస్తున్నట్టుందే. రేపు తమ్ముడొస్తాడు, వాడికి నేర్పించు."

పాప హోంవర్కు చేసుకుంటోంది. అత్తయ్యగారు టీవీ చూస్తున్నారు. నేను టీ కప్పులు తీస్తున్నాను.

"నేర్పించను" అన్నాను.

"ఏంటీ?"

కప్పులు బల్ల మీదే వదిలేసి, ఆయన ఎదురుగా కూర్చున్నాను.